నాలుగు లివర్లు, మూడు చప్పుళ్లు: ఒక సొరుగు తాళం కేసు

తాళాల పనిలో ఉన్నవాళ్లం తీసిన తాళాల గురించే చెప్పుకుంటాం. రెండు గంటల నలభై నిమిషాలు కూర్చుని, తీయలేక, సామాను సర్దుకుని వచ్చేసిన తాళం గురించి నోరెత్తం. ఈ కేసులో మొదటి రోజు నేను చేసింది అదే. రెండో రోజు, అంటే మళ్లీ వెళ్లిన రోజు, అదే తాళం పదకొండు నిమిషాల్లో వచ్చింది. ఈ మధ్యలో నా చేతికి కొత్త విద్యేమీ అబ్బలేదు. మొదటి రోజు నోటుబుక్కులో రాసుకున్న అంకెలను మళ్లీ చదివాను, అంతే.

మనుషుల్ని గుర్తుపట్టేలా ఉన్న వివరాలన్నీ తీసేశాను. తాళం వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

ఒక పెద్దాయన పోయాక ఆయన వాడిన రాతబల్ల పిల్లలిద్దరికీ మిగిలింది. అన్న, చెల్లెలు. బల్లకు ఐదు సొరుగులు. అటు రెండు, ఇటు రెండు మామూలుగానే తెరుచుకుంటున్నాయి. మధ్యలో ఉన్న వెడల్పాటి సొరుగు ఒక్కటే తాళం వేసి ఉంది. దాని తాళంచెవి ఎవరికీ దొరకలేదు. ఇంట్లో ఉన్న పాత తాళంచెవులన్నీ ఒక డబ్బాలో పోసి నా ముందు పెట్టారు. వాటిలో ఒక్కటీ కన్నంలో దూరలేదు.

ఫోన్ చేసింది అన్నగారు. నేను ముందు అడిగింది, ఆ బల్ల మీద ఇంకెవరికి హక్కుందని. చెల్లెలు ఉందనీ, ఆమెకు విషయం తెలుసుననీ చెప్పారు. తెలిస్తే చాలదు, సొరుగు తెరిచేటప్పుడు ఇద్దరూ ఎదురుగా ఉండాలి, ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టాలి అన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు. పోయినవాళ్ల తాళాల దగ్గర నేను మొహమాటపడను. లోపల చిల్లిగవ్వ లేకపోయినా సరే, ఒకరు లేనప్పుడు తెరిస్తే రెండోవారి మనసులో ‘ఏదో ఉండేదేమో’ అన్న అనుమానం మిగిలిపోతుంది. ఆ అనుమానంలో తాళం తీసినవాడికీ వాటా ఉంటుంది.

లోపల ఏముండొచ్చో కూడా అడిగాను. ఈ ప్రశ్నకు కుతూహలం కారణం కాదు. కన్నంలోకి ఏదైనా ద్రవం వదలొచ్చా, బల్లను కదపొచ్చా, వంచొచ్చా అన్నది లోపలి వస్తువు మీద ఆధారపడుతుంది. కాగితాలేమో అన్నారు ఇద్దరూ. సొరుగును పట్టుకుని అర అంగుళం అటూ ఇటూ కదిపి చూస్తే ఏదో గుండ్రటిది దొర్లిన శబ్దం వచ్చింది. సిరా సీసా కావచ్చు. అది రాసుకున్నాను. ఆ ఒక్క శబ్దం రెండో రోజు నా చేత ఒక అరగంట జాగ్రత్తలు చేయించింది.

మూడో ప్రశ్న, తాళం దక్కాలా అక్కర్లేదా? దక్కాలి, బల్లకు గీత కూడా పడకూడదు, వీలైతే కొత్త తాళంచెవి కావాలి అన్నారు. ఆ మాటతో చాలా దారులు మూసుకుపోయాయి.

వదిలేసిన దారులు

సొరుగు తాళాన్ని పగలగొట్టకుండా దాటే మార్గాలు కొన్ని ఉంటాయి. వాటిని చూడకుండా పిక్‌లు, అంటే తాళంచెవి లేకుండా తాళం తీసే సన్నటి కొక్కేలు, బయటికి తీయడం తొందరపాటు. తాళాన్ని పట్టి ఉంచే స్క్రూలు సొరుగు లోపలివైపు ఉన్నాయి, వాటిని అందుకోవాలంటే సొరుగు తెరవాలి. గడియ పైకి లేచి పైనున్న అడ్డపట్టీలో దిగి ఉంది. ఆ పట్టీని పైకి ఎత్తి సందు చేయొచ్చు, కానీ గడియ దాదాపు 8 మి.మీ. లోపలికి ఉంది. పాత కర్ర అంత వంగదు, చీలుతుంది. వెనక పలకను విప్పుదామంటే అది మేకులతో కాకుండా జిగురుతో, గాడి కోసి బిగించినది. డ్రిల్లు వేసి గడియ మీది ముక్కను కోసేయడం పది నిమిషాల పని. తర్వాత తాళం ఉండదు.

కాబట్టి కన్నంలోంచే వెళ్లాలి.

తాళాన్ని చదవడం

దీపం వేసి చూస్తే కన్నం మధ్యలో చిన్న ఇనుప పుల్ల నిలబడి ఉంది. అంటే దీని తాళంచెవికి కాండం బోలుగా, గొట్టంలా ఉంటుంది. డబ్బాలోవి ఒక్కటీ ఎందుకు దూరలేదో అర్థమైంది, అవన్నీ నిండు కాండం ఉన్నవి. పుల్ల కుడివైపున పసుపుపచ్చగా సన్నటి అంచులు కనిపించాయి. ఇత్తడి లివర్లు. కొక్కెం తిప్పిన సన్నటి తీగను లోతుకు పోనిచ్చి మెల్లగా వెనక్కి లాగితే, ఒక్కో అంచు మీంచి జారుతూ నాలుగు మెట్లు దిగింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ నాలుగే. ఆ అంకె మీద నాకు సందేహం లేదు.

లివర్ తాళం తెలియనివాళ్లకు రెండు మాటలు. పలకల్లాంటి లివర్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఒక చివర ఇరుసుకు తగిలించి ఉంటాయి. ప్రతి లివర్‌కూ ఒక స్ప్రింగ్ ఉంటుంది, అది లివర్‌ను తాళంచెవి వైపు తోస్తూ ఉంటుంది. ప్రతి లివర్‌లోనూ ఒక గాడి ఉంటుంది, దాన్ని గేటు అంటాం. గడియ మీద స్టంపు అనే చిన్న దిమ్మ నిలబడి ఉంటుంది. నాలుగు గేట్లూ ఒక వరసకు వస్తేనే స్టంపు వాటిలోంచి జారి గడియ కదులుతుంది. లివర్‌ను తక్కువ జరిపినా తాళం రాదు, ఎక్కువ జరిపినా రాదు. ఈ రెండు వైపులా అడ్డుకునే ఏర్పాటుకు రాబర్ట్ బారన్ ఇంగ్లండులో పేటెంటు పొందింది 1778లో. అంతకుముందు లివర్‌ను ఎంత ఎత్తినా పర్వాలేదు, అడ్డు తొలగితే చాలు. ‘ఎక్కువైనా తప్పే’ అన్న ఆ నియమమే ఈ కేసులో నన్ను ముప్పుతిప్పలు పెట్టింది.

తలుపు తాళంలో లివర్లు పైకి లేస్తాయి, వదిలితే కిందికి పడతాయి. సొరుగు తాళంలో గడియ నిలువుగా కదులుతుంది కాబట్టి లివర్లు పక్కకు కదులుతాయి. ఇక్కడ స్ప్రింగులు వాటిని కుడి నుంచి ఎడమకు, కన్నం వైపుకు తోస్తున్నాయి. ఈ వాక్యం నేను మొదటి రోజే నోటుబుక్కులో రాసుకున్నాను. దాని అర్థం పూర్తిగా తెలిసింది మాత్రం కొన్ని రోజుల తర్వాత ఒక రాత్రి.

మొదటి రోజు

ముందు వార్డులు ఉన్నాయేమో చూశాను. వార్డులంటే తప్పు తాళంచెవి తిరగకుండా పెట్టె లోపల కట్టే అడ్డుగోడలు. ఒక బోలు కాండం బ్లాంకును, అంటే ఇంకా గాట్లు కోయని తాళంచెవిని, దీపం మసిలో పట్టి, నల్లగా అయ్యాక కన్నంలో పెట్టి తిప్పితే, అడ్డుగోడ తగిలిన చోట మసి చెరిగి మెరుస్తుంది. ఇక్కడ పక్క అంచుల్లో ఎక్కడా చెరగలేదు. లివర్లు తాకిన కొసన మాత్రం నాలుగు గుర్తులు పడ్డాయి. మూడు గుర్తులు గట్టిగా, ఒకటి లీలగా. లీలగా ఉన్నదాన్ని చూసి, మసి సరిగా పట్టలేదనుకున్నాను. అది నాకు అందిన మొదటి ఆధారం, పారేసుకున్నాను.

తర్వాత పనిముట్లు. కొన్న సెట్లలో ఉండే కొక్కేలు లివర్లకు బదులు చిన్న పిన్నులు ఉండే పిన్ తాళాలకు పనికొస్తాయి కానీ మధ్యలో పుల్ల ఉన్న కన్నానికి పనికిరావు. పుల్లను తొడుక్కునేలా సన్నటి ఉక్కు గొట్టం ముక్క తీసుకుని, దాని చివర గడియను తోసే రెక్క ఒకటి వెండి టంకంతో అతికించాను. అది టెన్షన్ పట్టే సాధనం. తాళాల పనిలో టెన్షన్ అంటే కంగారు కాదు, గడియ మీద పెట్టే ఒత్తిడి. రెండోది సరిగ్గా పెట్టడం రానివాడికి మొదటిది తప్పదనుకోండి. లివర్లను కదపడానికి 1 మి.మీ. స్ప్రింగ్ స్టీలు తీగ. దాని కొనను రెండున్నర మి.మీ. పొడవున లంబంగా వంచి, చివరను ఆకురాయితో చదునుచేసి, ఆపైన సన్నటి ఎమెరీ కాగితంతో నునుపు చేశాను. ఈ నునుపు పని చాలామంది వదిలేస్తారు. గరుకు కొన లివర్ మీద రాసుకుంటే వచ్చే చిన్న చిన్న అదురులు గేటు తగిలిన అదురులాగే ఉంటాయి, చేయి మోసపోతుంది.

టెన్షన్‌ను చేత్తో పట్టకుండా సాధనం పిడికి దారం కట్టి చిన్న బరువు వేలాడదీశాను. మనిషి చేయి పావుగంట తర్వాత తనకు తెలియకుండానే గట్టిగా నొక్కడం మొదలుపెడుతుంది. బరువుకు ఆ అలవాటు లేదు.

పని మొదలయ్యాక అంతా సజావుగానే ఉంది. గడియ మీద ఒత్తిడి పెడితే నాలుగు లివర్లలో ఏదో ఒకటి ముందు బిగుస్తుంది. ఏ తాళంలోనూ అన్నీ ఒకే కొలతకు తయారు కావు కాబట్టే పిక్ చేయడమనే విద్య ఉంది. బిగిసినదాన్ని వెతికి జరిపితే, గేటు ఎదురుగా రాగానే గడియ వెంట్రుకవాసి కదులుతుంది. ఆ తర్వాత ఇంకొకటి బిగుస్తుంది. ఇక్కడ రెండోది ముందు వచ్చింది, తర్వాత నాలుగోది, తర్వాత మొదటిది. మూడోది వెతికితే అప్పటికే పక్కకు జరిగి ఉంది. సరే, అదీ వచ్చిందనుకున్నాను. కానీ గడియ కదలదు. గోరంత కదిలి ఆగిపోతుంది.

ఇలాంటప్పుడు బలం పెంచడం మొదటి తప్పు. ఆ తప్పు చేయలేదు. ఒత్తిడి వదిలేసి మళ్లీ మొదటికి వచ్చాను. వదిలేటప్పుడు బరువును వేలి మీదికి తీసుకుని మెల్లగా సడలించి, లివర్లు వెనక్కి పడే చప్పుళ్లు లెక్కపెట్టడం నా అలవాటు. ఎన్ని చప్పుళ్లు వినిపిస్తే అన్ని లివర్లు అప్పటిదాకా పట్టుబడి ఉన్నాయన్నమాట. పిన్ తాళాలకూ ఇదే లెక్క. ఆ రోజు పదకొండుసార్లు వదిలాను. నోటుబుక్కులో రాసిన వరస ఇది: 3, 3, 2, 3, 3, 3, 2, 3, 3, 3, 3.

ఒక్కసారి కూడా 4 లేదు. చూశాను. రెండు లివర్లు ఒకేసారి పడుతున్నాయేమో, అందుకే రెండు చప్పుళ్లు కలిసి ఒకటిగా వినిపిస్తున్నాయనుకున్నాను. అలా జరగడం ఉన్నదే, అబద్ధం కాదు. కానీ పదకొండుసార్లూ ఒకేలా జరగదు. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం, నా దగ్గర అప్పటికే ఇంకో సమాధానం సిద్ధంగా ఉండటం.

దొంగ గేట్లు

ఆ సమాధానం దొంగ గేట్లు. పిక్ చేసేవాణ్ణి బోల్తా కొట్టించడానికి కొన్ని తాళాల్లో లివర్ అంచున అసలు గేటుకు పక్కనే లోతు తక్కువ గాట్లు కోస్తారు. స్టంపు వాటిలో పడి ఇరుక్కుంటుంది. గడియ గోరంత కదిలి ఆగుతుంది. నాకు వస్తున్న లక్షణం అచ్చం అదే. మందు కూడా తెలుసు. టెన్షన్ సగానికి తగ్గించి, ఇరుక్కున్న లివర్‌ను వెతికి, గాటులోంచి బయటికి వచ్చేలా గడియను ఒక వెంట్రుక వెనక్కి పోనిచ్చి, మళ్లీ జరపాలి. గంటకు పైగా అదే చేశాను. బరువు మార్చాను. తీగ కొన మార్చాను. వరస మార్చాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ నిర్ణయంలో లోపం తేలిగ్గానే కనిపిస్తుంది. దొంగ గాట్లు కోసేది ఖరీదైన వస్తువును కాపాడే తాళాల్లో. ఇది బల్ల సొరుగు తాళం, సాదాది. పైగా దొంగ గాటులో లివర్ ఇరుక్కుంటే, వదిలినప్పుడు అదీ చప్పుడు చేస్తూనే పడాలి. నా అంకెలు నా సిద్ధాంతాన్ని కాదంటూనే ఉన్నాయి. నేను మాత్రం తీగ మొనలు అరగదీస్తూ కూర్చున్నాను.

తర్వాత పాత గ్రీజు అనుమానం వచ్చింది. తీగ కొనకు గోధుమరంగు జిగట అంటుకుని వచ్చింది. నూనె వదలడం నాకిష్టం లేదు. నూనె కర్రలోకి, కాగితాల్లోకి పాకుతుంది, మరక పోదు. స్పిరిట్ అసలే వద్దు, ఈ బల్లకు లక్క పాలిష్ ఉంది, స్పిరిట్ తగిలితే కరిగి తెల్లమచ్చ పడుతుంది. పెట్రోలు జాతి తేలికపాటి ద్రావకం సిరంజి సూదితో మూడు చుక్కలు, నేరుగా లివర్ల మీదికి. లివర్లు కాస్త చురుగ్గా కదిలాయి. తాళం రాలేదు.

రెండు గంటల నలభై నిమిషాల దగ్గర ఆపేశాను. వేళ్లు మొద్దుబారాయి. మొద్దుబారిన చేయి తీగను లోపల విరగ్గొడుతుంది, అప్పుడు నిజంగానే డ్రిల్లు తప్ప దారి ఉండదు. ఇద్దరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇవాళ రాలేదు, ఎందుకు రాలేదో నాకింకా తెలియదు, తెలిశాక వస్తాను, ఇవాళ్టికి డబ్బులు వద్దు. అన్నగారి ముఖంలో ‘వీడికి పని రాదు’ అన్న మాట కనిపించింది. 1851లో లండన్‌లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు, తాళాలు చేసే బ్రామా కంపెనీ సవాలుగా పెట్టిన తాళాన్ని తీయడానికి 16 రోజుల మీద, విడతలవారీగా, 51 గంటలు తీసుకున్నాడు. ఆ సంగతి ఆయనకు చెబుదామనుకుని మానుకున్నాను. సాకులాగా ఉంటుంది.

మధ్యలో

రెండు రోజులు వేరే పనుల్లో పడ్డాను. మూడో రోజు రాత్రి నోటుబుక్కు తీసి, ఎవరో కొత్తవాడు రాసిన కేసులా చదివాను. నాలుగు లివర్లు. ఎప్పుడూ మూడు చప్పుళ్లకు మించలేదు. మసి బ్లాంకు మీద మూడు గట్టి గుర్తులు, ఒకటి లీలగా. మూడో లివర్‌ను వెతికిన ప్రతిసారీ అప్పటికే పక్కకు జరిగి ఉంది.

మూడో లివర్ వెనక్కి పడటం లేదు. పడకపోతే చప్పుడెలా వస్తుంది? దాని స్ప్రింగ్ విరిగింది.

అక్కడి నుంచి మిగతాదంతా తనంతట తానే విడిపోయింది. నాలుగో లివర్‌ను అందుకోవాలంటే తీగ మొదటి మూడింటి మీంచి వెళ్లాలి. వెళ్తూ వాటిని కాస్త తోస్తుంది. స్ప్రింగ్ ఉన్నవి తిరిగి వస్తాయి. మూడోది వెళ్లిన చోటే ఉండిపోతుంది, గేటు దాటి అవతలికి. నేను లోపల తీగ ఆడించిన ప్రతిసారీ నా చేత్తో నేనే దాన్ని ఎక్కువ జరిపి, తాళాన్ని నామీదికే మూసుకుంటున్నాను. 1818లో జెరెమయా చబ్ తెచ్చిన డిటెక్టర్ తాళంలో, ఎవరైనా లివర్‌ను హద్దు దాటి ఎత్తితే ఒక కొక్కెం దాన్ని పట్టుకుని వదలదు, తాళం ఇక తెరుచుకోదు. అక్కడ దానికోసం ఒక ఏర్పాటు పెట్టారు. ఇక్కడ విరిగిన స్ప్రింగ్ ముక్క ఎవరూ పెట్టకుండానే ఆ కాపలా కాస్తోంది.

తలుపు తాళంలో అయితే స్ప్రింగ్ విరిగినా లివర్ తన బరువుకు తాను కిందికి పడేది. సొరుగు తాళంలో అది పక్కకు కదులుతుంది, దాన్ని వెనక్కి లాగేది ఏదీ లేదు. పాత గ్రీజు దాన్ని ఉన్నచోటే పట్టి ఉంచుతుంది.

ఇది ఊహ మాత్రమే. మొదటి రోజు ఊహ ఎంత నమ్మకంగా ఉండిందో గుర్తుంది కాబట్టి, ఈసారి పరీక్షించే ప్రశ్న ఒకటి కావాలనిపించింది. స్ప్రింగ్ చాలాకాలం కిందటే విరిగి ఉంటే, అసలు తాళంచెవితో కూడా ఈ తాళం ఒక్కోసారి మొరాయించి ఉండాలి. పొద్దున్నే చెల్లెలికి ఫోన్ చేశాను. ‘అమ్మా, నాన్నగారు ఆ సొరుగు తీసేటప్పుడు ఇబ్బంది పడేవారా?’ అని అడిగాను. ఇబ్బందేమీ లేదండీ అంది. ఒక క్షణం ఆగి, ‘కాకపోతే తాళంచెవి పెట్టేముందు బల్లను పక్కనుంచి అరచేత్తో రెండుసార్లు చరిచేవారు. అది ఆయన అలవాటు’ అంది.

ఏ పక్కనుంచి అని అడిగాను. ఎడమపక్కనుంచి.

ఆ దెబ్బకు బల్ల కుడికి అదిరేది, వదులుగా ఉన్న మూడో లివర్ మాత్రం వెనకబడి ఎడమకు, తాళంచెవి వైపుకు జారేది. ఎందుకు పనిచేస్తుందో ఆయనకు తెలియకపోవచ్చు, పనిచేస్తుందని మాత్రం చేతికి తెలుసు. మొదటి రోజు నేను తాళంచెవి గురించి అడిగాను, హక్కు గురించి అడిగాను, లోపలి వస్తువు గురించి అడిగాను. ఆయన ఆ సొరుగును ఎలా తీసేవారని మాత్రం అడగలేదు.

రెండో రోజు

మూడో లివర్‌ను వెనక్కి తేవడానికి దారులు మూడు. కొక్కెంతో లాగడం కుదరదు, లివర్ కడుపు, అంటే తాళంచెవి తాకే వంపు, నున్నగా ఉంది, పట్టు దొరకదు. అయస్కాంతానికి ఇత్తడి అంటదు. పెద్దాయనలాగే చరచడం కుదురుతుంది, కానీ తీగ లోపల ఉండగా మళ్లీ మళ్లీ చరిస్తే సెట్ అయిన మిగతావి చెదురుతాయి. స్ప్రింగ్ చేయాల్సిన పనిని భూమి ఆకర్షణే చేస్తే? బల్లను ఎడమ పక్కకు పడుకోబెడితే కుడివైపు పైకి వస్తుంది, మూడో లివర్ తన బరువుకు తాను కన్నం వైపు పడుతుంది.

చెప్పడం తేలికే. లోపల దొర్లిన ఆ గుండ్రటి వస్తువు ఉంది. సిరా సీసా అయితే, మూత వదులుగా ఉంటే, కాగితాలు పోతాయి. ఇద్దరికీ ఆ ముప్పు చెప్పాను. నిర్ణయం వాళ్లదే. కానివ్వండి అన్నారు. మిగతా నాలుగు సొరుగులూ బయటికి తీశాం. మందపాటి దుప్పట్లు పరిచి, నలుగురం పట్టుకుని, ముందు బల్లను పావు వంతు వంచి ఒక నిమిషం ఆపి, వస్తువును మెల్లగా ఎడమ మూలకు దొర్లనిచ్చి, ఆ తర్వాతే పూర్తిగా పడుకోబెట్టాం. సిరా ఒలికితే ముందుగా తడి కనిపించే సందు దగ్గర తెల్ల కాగితం పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

బల్ల పడుకుంటే బరువు వేలాడే దిశ మారిపోతుంది కాబట్టి టెన్షన్‌కు బరువు బదులు రబ్బరు బ్యాండు కట్టాను. రబ్బరుతో చిక్కేమిటంటే గడియ కదిలేకొద్దీ పట్టు తగ్గుతుంది. ఇక్కడ కదలిక గోరంతే కాబట్టి సరిపోయింది. తీగ కూడా మార్చాను. కొత్త తీగ కాండాన్ని మధ్యలో విల్లులా వంచాను, నాలుగో లివర్‌ను తాకేటప్పుడు మూడోదాన్ని తప్పించుకుని వెళ్లేలా. ముందురోజు రాత్రి నా పనిబల్ల మీద ఇలాంటి పాత తాళం ఒకటి విప్పి, దాంట్లో ఒక స్ప్రింగ్ పీకేసి, ఈ తీగతో సాధన చేశాను.

ముందుగా టెన్షన్ లేకుండా మూడో లివర్‌ను తాకి వదిలాను. చప్పుడు వచ్చింది. చిన్నది, మిగతావాటికంటే మెత్తగా, కానీ వచ్చింది. ఈ కేసు మొత్తంలో నాకు నచ్చిన క్షణం అది. తాళం తెరుచుకున్న క్షణం కంటే కూడా.

ఆ తర్వాత రెండు, నాలుగు, ఒకటి, పాత వరసే. మూడోది మిగిలింది. దాన్ని జరిపేటప్పుడు తీగకు ఏమీ తెలియదు, ఎదురు తోసే స్ప్రింగ్ లేదు కదా. ఒకసారి గేటు దాటించేశాను. రబ్బరును వేలితో గోరంత సడలించి, కన్నం చుట్టూ మెత్తటి కర్ర సుత్తితో తట్టాను. మిగతా మూడూ స్టంపు అంచుకు పట్టుకుని ఉన్నాయి, ఇది ఒక్కటే కిందికి పడింది. రెండోసారి చేతి స్పర్శను నమ్మడం మానేసి, తీగ ఎంత దూరం కదిలిందో కంటితో చూస్తూ, ఆవగింజలో సగం సగం చొప్పున జరిపాను. ఐదో అడుగుకు గడియ జారింది. పదకొండు నిమిషాలు.

లోపల దొర్లింది సిరా సీసానే. మూత గట్టిగా ఉంది. మిగతా ఏమున్నాయో అన్నాచెల్లెళ్ల సంగతి, ఇక్కడ రాయను.

విప్పి చూస్తే

నాలుగు స్క్రూలు విప్పి తాళాన్ని బల్ల మీదికి తెచ్చి మూత తీశాను. మూడో లివర్ స్ప్రింగ్ వంపు దగ్గర విరిగింది, విరిగిన ముక్క పాత గ్రీజులో అంటుకుని పెట్టె అడుగున ఉంది. విరిగిన అంచు మెరవలేదు, నల్లబడి ఉంది. అంటే ఏళ్ల కిందటి మాట. దొంగ గాట్లు ఒక్కటీ లేవు.

కొత్త స్ప్రింగ్‌కు ఫీలర్ గేజి (సన్నటి సందులు కొలిచే రేకులు) సెట్లోని 0.15 మి.మీ. రేకును పట్టీగా కోసి వాడాను. అది ముందే గట్టిపరిచిన ఉక్కు, వేడి చేయకుండా పెద్ద వంపుతో మెల్లగా వంచితే విరగదు. లివర్ అంచున పాత స్ప్రింగ్ కూర్చున్న కోతను శుభ్రం చేసి, కొత్తది దూర్చి, పక్కనుంచి సన్నటి పంచ్‌తో ఒక్క దెబ్బ. మొదట చేసిన స్ప్రింగ్ మిగతా మూడింటికంటే బలంగా తయారైంది. అలా వదిలేస్తే తాళంచెవి ఆ ఒక్కచోట తొందరగా అరుగుతుంది. విప్పి రెండోది చేశాను. లివర్ ముఖాల మీద గ్రీజు పూర్తిగా తుడిచేశాను, ఇరుసుకు మాత్రం సన్నటి నూనె ఒక్క చుక్క.

తాళంచెవికి లివర్లను ఒక్కోటి గేటు స్టంపు ఎదురుగా నిలిపి, కడుపు నుంచి పుల్ల మధ్యదాకా వెర్నియర్‌తో కొలిచాను. బోలు బ్లాంకు మీద నాలుగు మెట్లు, ఒక్కోటీ కొలతకంటే ఒక గీత తక్కువే అరగదీశాను. తీసిన లోహాన్ని మళ్లీ అతికించలేం. మూత తెరిచి ఉంచే తిప్పుతూ, ఏ లివర్ వెనకబడిందో కళ్లారా చూస్తూ సరిచేశాను. మూడుసార్లు దిద్దాక తిరిగింది.

ఏం మార్చుకున్నాను

నా తప్పు చేతిది కాదు, లెక్కది. అంకె నా దగ్గరే ఉంది. దానికి ఒక సర్ది చెప్పుకునే మాట దొరికింది కాబట్టి పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. వదిలినప్పుడు వచ్చే చప్పుళ్లు వరసగా మూడుసార్లు లివర్ల లెక్కకు తగ్గితే, పిక్ చేయడం ఆపేస్తాను. ఒక్కో లివర్‌నూ టెన్షన్ లేకుండా విడిగా తాకి, వెనక్కి వస్తోందో లేదో చూస్తాను. నాలుగు లివర్లకు రెండు నిమిషాలు పట్టదు. మొదటి రోజే చేసి ఉంటే ఈ కేసు రాయాల్సినంత పెద్దది అయ్యేదే కాదు.

మొదటి రోజు ఆపేసి రావడం మాత్రం సరైన పనే అనుకుంటున్నాను, ఇంకో గంట ముందే ఆపాల్సింది.

కొత్తవాళ్లు ఒకటి అడుగుతుంటారు, బల్లను వంచకుండా పెద్దాయనలా చరిచి తీయలేకపోయేవారా అని. అసలు తాళంచెవి చేతిలో ఉంటే తీయొచ్చు, ఒక దెబ్బ చాలు. పిక్‌తో అయితే ప్రతి లివర్‌కూ ఒకసారి చరచాలి, చరిచిన ప్రతిసారీ మిగతావి చెదురుతాయి. ఒకరిద్దరు ఆ దారిలో తీసి చూపిస్తే నేర్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఫోన్లో అడిగే ప్రశ్నల కాగితానికి ఒకటి చేర్చాను. ‘ఈ తాళం తీసేముందు గానీ, వేసేటప్పుడు గానీ వాడేవాళ్లకు ఏదైనా అలవాటు ఉండేదా? ఎత్తడం, తోయడం, తట్టడం?’ చాలామంది లేదనే అంటారు. అన్నాక ఒక్క క్షణం ఆగి వింటాను.

తాళాన్ని బిగించాక ఇద్దరికీ చెరొక తాళంచెవి ఇచ్చాను. చెల్లెలు తనది పెట్టబోతూ, ముందు బల్లను ఎడమపక్కనుంచి రెండుసార్లు చరిచింది. ఇక ఆ అవసరం లేదమ్మా అన్నాను. తెలుసండీ అని, తిప్పింది.